ఎస్తేరమ్మ చప్పట్లు

ఎస్తేరమ్మ దేవునికి మాటిచ్చేసింది కాబట్టి ఇక ఎవరూ చేయగలిగింది ఏమీ లేదు. కొడుకు ఆల్బమ్ బయటికి వస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతానని కిందటేడే ప్రార్థనలో చెప్పుకుంది. ఆల్బమ్ వచ్చింది. బెంగళూరులోని ఒక చిన్న మ్యూజిక్ కంపెనీ శుక్రవారం పొద్దున దాన్ని నెట్‌లో పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఆమె పాస్టర్ జ్ఞానదాసుగారికి ఫోను చేసి ఆదివారం సాయంత్రం ఖాయం చేసుకుంది, టెంట్ హౌస్ నరేందర్‌కు కుర్చీలూ షామియానా చెప్పింది, తమ ఊరు మంఖాల్‌లోని చర్చి సంఘాన్నంతా పిలిచింది. బ్లెసన్ శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి, పిలవాల్సిన వాళ్ళలో మిగిలింది అతనొక్కడే.

వాళ్ళ సంఘంలో కృతజ్ఞత కూడికకు కారణం పెద్దదే కానక్కర్లేదు. ఉద్యోగం వచ్చినా, బండి కొన్నా, బోరులో నీళ్ళు పడినా నలుగురినీ పిలిచి, పాటలు పాడి, సాక్ష్యం చెప్పి, బగారన్నం పెడతారు. సాక్ష్యమంటే తనకు జరిగిన మేలును అందరి ముందూ నిలబడి చెప్పుకోవడం. బ్లెసన్ ఇలాంటి కూడికల్లో చిన్నప్పటి నుంచీ కడుపునిండా తిన్నవాడే. ఎవరో చెబుతున్న సాక్ష్యం ఎప్పుడు అయిపోతుందా అని వంటల వైపు చూసినవాడే. తన వంతు వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"అమ్మా, అండ్ల పాట ఉండదు," అన్నాడు చెప్పులైనా విప్పకుండా.

"లేకుంటే లేదు. దేవునికి చెవులున్నయి."

"మనుషులకు గూడ ఉన్నయి గదా. వాళ్ళేమంటరు?"

"వాళ్ళకు చికెన్ పెడుతున్న గద," అంది ఎస్తేరమ్మ. దానితో ఆ చర్చ ముగిసింది.

అతను చేసింది డీజే మిక్స్. డీప్ హౌస్‌తో మొదలై, మెల్లగా మినిమల్ టెక్నోలోకి దిగి, చివర్లో మళ్ళీ డీప్ హౌస్‌లోకి తేలే గంట పైచిలుకు సంగీతం. ఎక్కడెక్కడి వాళ్ళో వాడుకోమని ఇచ్చిన ట్రాకులూ, తాను చేసినవి కొన్నీ తీసుకుని, ఒకటి అయిపోకముందే రెండోదాన్ని అడుగు నుంచి పైకి తెచ్చి, అతుకు తెలియకుండా కలిపాడు. కింద ఒకే దెబ్బ నిదానంగా, ఆగకుండా పడుతూ ఉంటుంది. దాని మీద ఎప్పుడో ఒక చిన్న చప్పుడు వచ్చి చేరుతుంది, ఎప్పుడో ఒకటి తప్పుకుంటుంది. అలవాటైన వాడికి ఆ చేరడాలూ తప్పుకోవడాలే పెద్ద సంగతులు. అలవాటు లేనివాడు పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చుంటాడు, అది ఎప్పటికీ మొదలు కాదు.

పైగా ఆ చుట్టుపక్కల డీజే అంటే డీసీఎం బండి మీద బాక్సులు కట్టి, బరాత్ ముందు ఊరు అదిరేలా తీన్మార్ కొట్టేవాడు. అందుకే కొడుకు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే ఎస్తేరమ్మ "కార్గోల చేస్తడు" అని ఊరుకునేది.

శనివారం ఇంకో చిక్కు వచ్చింది. కృతజ్ఞతకు కారణమైన వస్తువు ఏదైనా సరే, బండి తాళమో, సర్టిఫికెట్టో, దాన్ని టేబుల్ మీద పెట్టాలి. పాస్టర్‌గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. "ఆల్బమ్ ఏదిరా? తీసుకరా, పెడత," అంది ఎస్తేరమ్మ తెల్లటి గుడ్డ ఇస్త్రీ చేస్తూ. బ్లెసన్ ఫోను చూపించాడు.

"ఫోను ఎప్పటిదో గదరా. దానికి ఇప్పుడేం కృతజ్ఞత? చేతుల పట్టుకునేది కావాలె."

చేతిలో పట్టుకునేది లేదంటే ఆమె ఒప్పుకునేలా లేదు. చివరికి బ్లెసన్ మిక్సంతా ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గంట సంగీతం ఇందులో ఉందంటే నమ్మాలా వద్దా అన్నట్టు ఒక చూపు చూసి, స్టీలు పళ్ళెంలో పెట్టింది.

నిజానికి పాట లేకపోవడం బ్లెసన్‌కు అసలు భయం కాదు. అసలు భయం చప్పట్లు.

మంగళవారం మంగళవారం వాళ్ళింట్లో స్త్రీల ప్రార్థన జరుగుతుంది. పాటలకు అందరూ చప్పట్లు కొడతారు. ఎస్తేరమ్మ కూడా కొట్టేది, అయితే ఆమెది అందరి కంటే రవ్వంత వెనక పడేది. అందరి చేతులూ ఒకసారి మోగాక, ఆ మోత ఆరకముందే ఆమెది వినిపించేది. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచీ అంతే. ఆడవాళ్ళు నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. అయితే చర్చి ఆరాధనను ఫోన్లలో లైవ్ పెట్టడం మొదలయ్యాక, పాటలు నడిపించే శోభ ఒకరోజు ఆమెను పక్కకు పిలిచింది. "అక్కా, రికార్డింగ్‌ల జర తేడా వస్తున్నది. నువ్వు పాడు, చప్పట్లు మేం కొడుతం," అంది. శోభ చెడ్డ మనిషి కాదు. ఎస్తేరమ్మకు జ్వరం వస్తే జావ కాచి తెచ్చే మనిషే. అయినా ఆ రోజు నుంచి ఎస్తేరమ్మ చేతులు ఒళ్ళోంచి లేవలేదు. చర్చిలోనే కాదు, తన ఇంట్లో మంగళవారాలు కూడా. ఎందుకమ్మా అని బ్లెసన్ అడిగితే "చేతులు నొస్తున్నయిరా" అంది.

అంతకు ముందెప్పుడో, కొత్త మైకు ఎలా పనిచేస్తుందో చూద్దామని బ్లెసన్ గడపలో కూర్చుని ఒక మంగళవారం ప్రార్థనను రికార్డు చేశాడు. ఒక పాట చివర అందరూ ఒక్కసారిగా ఆపేశాక, వెనకబడ్డ అమ్మ చప్పట ఒకటి ఒంటరిగా మిగిలిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ సంగతే మరిచిపోయాడు. ఆల్బమ్ మొదలుపెట్టాక, హౌస్ సంగీతానికి ప్రాణమైన చప్పట్లే అతనికి కుదరలేదు. తన డ్రమ్ మిషన్‌లో ఉన్నవన్నీ వేసి చూశాడు. అన్నీ సరిగ్గా సమయానికి పడేవి, వింటుంటే ఆవలింత వచ్చేది. విసిగిపోయి ఒకరోజు ఆ పాత రికార్డింగ్ తీసి, మిషన్ చప్పట వెనకాల, ఆమె ఎక్కడ కొడుతుందో సరిగ్గా అక్కడ, అమ్మ చప్పట పెట్టాడు. అప్పటిదాకా గోడకు ఆనించి నిలబెట్టినట్టున్న సంగీతం తన కాళ్ళ మీద నడవడం మొదలుపెట్టింది. బ్లెసన్ కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ విన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మొదట్లోనూ, నడుమ ఒక్కచోటా తప్ప, ఆ ఒక్క చప్పటనే మిక్స్ అంతటా పరిచాడు. ఎవరి ట్రాకు వచ్చినా, ఎవరిది పోయినా అది మాత్రం ఉండేలా చూశాడు. బెంగళూరు కంపెనీ అతను అదే అడిగాడు, ఆ క్లాప్ ఏ మిషన్‌ది అని. "మా మంఖాల్‌ల దొరుకుతది," అన్నాడు బ్లెసన్.

అమ్మకు మాత్రం చెప్పలేదు. నలుగురిలో తప్పని తేలి, తాను కడుపులో దాచుకున్న దాన్ని కొడుకు లోకానికంతా వినిపించాడని తెలిస్తే ఆమె ఏమంటుంది? ఏమీ అనదు. చేతులు ఇంకాస్త లోపలికి ముడుచుకుంటుంది. అందుకని ఒక ఉపాయం పన్నాడు. మిక్స్ మొదట్లో కాసేపు చప్పట్లు ఉండవు, మెత్తటి మ్యూజిక్ మాత్రమే ఉంటుంది. అంతవరకు వినిపించి, మెల్లగా సౌండ్ తగ్గించి ఆపేస్తే గండం గడుస్తుంది.

ఆదివారం సాయంత్రం ఇంటి ముందు షామియానా కింద కుర్చీలు నిండాయి. టెంట్ హౌస్ నరేందర్ ఆల్బమ్ అన్న మాట విని, ప్రార్థనకు తెచ్చే చిన్న బాక్సులు కాకుండా బరాత్ బాక్సులే దింపాడు. "అన్నా, తీన్మార్ ఉందా?" అని చెవిలో అడిగాడు. లేదంటే పాపం మొహం వాడిపోయింది. పక్కింటి తారాబాయి ముందు వరసలో కూర్చుంది. ఆమెది ఈ సంఘం కాదు, తండా నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న మనిషి, ఇంట్లో బాలాజీ పటం ఉంటుంది. అయినా ఎస్తేరమ్మ ఇంట్లో ఏం జరిగినా ఆమె లేకుండా జరగదు. బ్లెసన్ తండ్రి యేసురత్నం ఇంటి వెనక పొయ్యి దగ్గర బగారన్నానికి దమ్ము పెట్టి, గరిటె పట్టుకుని కాపలా ఉన్నాడు.

శోభ పాటలు నడిపించింది. అందరి చేతులూ మోగుతుంటే ఎస్తేరమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. బైబిల్ వాక్యం చెప్పడం అయింది. జ్ఞానదాసుగారు పెన్‌డ్రైవ్ ఉన్న పళ్ళెం దగ్గరికి వచ్చి, చెయ్యి ఎక్కడ పెట్టాలో కాస్త తడబడి, రెండు వేళ్ళు ఆనించి చక్కగా ప్రార్థించారు. తర్వాత అందరి వైపూ తిరిగారు.

"ఇప్పుడు మన తమ్ముడు బ్లెసన్ తన సంగీతాన్ని దేవునికి సమర్పిస్తాడు. అది పూర్తయ్యాక సాక్ష్యం, ముగింపు ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు."

చెప్పి, సమర్పణ అన్నారు కాబట్టి కళ్ళు మూసుకున్నారు. అయ్యగారు కళ్ళు మూసుకుంటే సంఘం తెరుచుకుని ఉండదు. షామియానా కింద కళ్ళన్నీ మూతపడ్డాయి, తారాబాయివి తప్ప.

బ్లెసన్ పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెట్టాడు. బరాత్ బాక్సుల్లోంచి డీప్ హౌస్ కింది దెబ్బ మెత్తగా, బరువుగా వచ్చింది. టేబుల్ మీద స్టీలు గ్లాసులు సన్నగా వణికాయి. అనుకున్న చోటుకు రాగానే అతను సౌండ్ తగ్గించబోయాడు. ఎస్తేరమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఏం చేస్తున్నవు?"

"ఆపుతున్నమ్మా. సాలు."

"అయిపోయిందా?"

అబద్ధం ఆడలేకపోయాడు. "ఇంక శానా ఉంది."

"సమర్పించింది నడుమల గుంజుకుంటరారా? నడవనియ్," అని మళ్ళీ కన్ను మూసుకుంది.

బ్లెసన్ చెయ్యి మిక్సర్ మీద అలాగే ఆగిపోయింది. గంట పైచిలుకు ఉందని ఆమెకు తెలుసు. ఆమెకు చెప్పింది అతనే. సంఘానికి మాత్రం తెలియదు. వాళ్ళు పల్లవి కోసం ఎదురుచూస్తున్నారు. మర్యాద తెలిసిన మనుషులు కాబట్టి, ఒకరు దేవునికి ఇస్తున్న దాన్ని మధ్యలో ఆపమనరు, లేచి పోరు, కళ్ళు తెరవరు. వెనక వరసలో పెద్దాయన జంగయ్య పక్కవాడిని మెల్లగా అడగడం వినిపించింది. "మ్యూజిక్ మంచిగుంది గని, పాట ఎప్పుడొస్తదిరా?" ఇంటి మూలలోంచి యేసురత్నం గరిటెతో సహా తొంగి చూసి, అందరి కళ్ళూ మూసి ఉండడం చూసి, దమ్ము ఎక్కువైపోతుందని తల పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు చప్పట వచ్చింది. ముందు మిషన్‌ది, దాని వెనకే రవ్వంత ఆగి అమ్మది. బ్లెసన్ తల దించుకున్నాడు. ఎవరూ కదల్లేదు. చప్పట పడుతూనే ఉంది. నాలుగు కాళ్ళు, ఆరు కాళ్ళు, ఎవరూ చెప్పకుండానే కుర్చీల కింద దానికి అనుగుణంగా ఊగడం అతను చూశాడు. ఇలాగే ఎవరికీ తెలియకుండా అయిపోతే బాగుండునని మనసులో ప్రార్థించుకున్నాడు. ఆ రోజంతా అతను చేసిన నిజమైన ప్రార్థన అదే.

తారాబాయి మాత్రం కళ్ళు తెరిచే ఉంది. బాక్సుల వైపు చూసింది. ఎస్తేరమ్మ ఒళ్ళో ఊరికే ఉన్న చేతుల వైపు చూసింది. మళ్ళీ బాక్సుల వైపు చూసింది.

"ఏ ఎస్తేరమ్మా, ఈ చప్పట్లు నీవే గద," అంది మామూలు గొంతుతోనే. "గోడ అవతల కూసొని ఇన్నేండ్లు విన్న. నాకు తెల్వదా? ఎనుకకెల్లి వస్తది, అగో, గదే."

కళ్ళన్నీ తెరుచుకున్నాయి. జ్ఞానదాసుగారివి కూడా. ఎవరో ముసిముసిగా నవ్వి ఆపుకున్నారు. శోభ ముఖం ఎర్రబడింది. ఎస్తేరమ్మ తన చేతుల వైపు, అవి తనకు తెలియకుండా ఏదో చేసినట్టు, చూసుకుంది. తర్వాత కొడుకు వైపు చూసింది.

"నాదేనారా?"

"నీదేనమ్మా."

"తప్పుగ కొడుత గదరా నేను. ఎందుకు పెట్టినవు?"

ఆ గొంతులో కోపం లేదు. అది కోపం కంటే కష్టంగా ఉంది. బ్లెసన్ మిక్సర్ వదిలి ముందుకు వచ్చాడు. సాక్ష్యం వేళ ఇంకా కాలేదు, సంగీతం నడుస్తూనే ఉంది, అయినా ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడని తెలిసింది.

"మిషన్‌ల చప్పట్లు మస్తుగున్నయి," అన్నాడు. ఎవరితో చెబుతున్నాడో తెలియనట్టు నేల వైపు చూస్తూ మొదలుపెట్టి, మెల్లగా తల ఎత్తి అమ్మతోనే చెప్పాడు. "అన్నీ సరిగ్గ పడుతయి. ఏది పెట్టినా నా మ్యూజిక్ నిలవడలే. ఇగ ఇడిసిపెడ్దమనుకున్న. గప్పుడు నీది పెట్టిన. నీది పెట్టినంకనే నిలవడ్డది. అండ్ల అందరి మ్యూజిక్ ఉందమ్మా, వస్తుంటది, పోతుంటది. నడిపిచ్చేది నీ చప్పట్లే. మీకు నా మాట మీద నమ్మకం లేకుంటే అందరు జర ఆగుండ్రి. ఇప్పుడు అది పోతది. సూడుండ్రి."

మిక్స్ మినిమల్ భాగంలోకి దిగుతోంది. ఒక్కొక్క చప్పుడే తప్పుకుంటూ వచ్చింది. చివరికి చప్పట కూడా తప్పుకుంది. కింది దెబ్బ ఒక్కటే మిగిలింది, దాని మీద గడియారం ముల్లులా సన్నటి టిక్కు. తప్పేమీ లేదు, అంతా సమయానికే పడుతోంది. అయినా కుర్చీల కింద ఊగుతున్న కాళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏదో లేదని అందరికీ తెలుస్తోంది, ఏది లేదో కూడా తెలుస్తోంది. రావలసిన చోటు వస్తోంది, ఖాళీగా పోతోంది. శంషాబాద్‌లో దిగబోయే విమానం ఒకటి షామియానా మీదుగా పోయింది. ఎవరూ పైకి చూడలేదు.

"ఏది మరి?" అన్నాడు జంగయ్య, ఆగలేనట్టు.

ఎస్తేరమ్మ చేతులు లేచాయి. కావాలని లేపినట్టు లేదు. ఖాళీగా పోతున్న చోటును ఆమె అలా పోనివ్వలేకపోయింది. ఒక చప్పట కొట్టింది, తన చోట, రవ్వంత ఆగి. ఇంకోటి కొట్టింది. శోభ చేతులు లేపి, గాలిలో ఆపి, ఆమె చేతుల వైపే చూస్తూ, ఆమెతో పాటే కొట్టింది. ఇన్నేళ్ళుగా సమయానికి కొట్టిన చేతులు మొదట తడబడ్డాయి, మూడోసారికి కుదిరాయి. తర్వాత ఆ వరస అంతా కొట్టింది. తర్వాత మొత్తం షామియానా ఎస్తేరమ్మ సమయానికి కొట్టింది, చివరికి నరేందర్ కూడా.

ఆ మోతలోకి బాక్సుల్లోంచి చప్పట తిరిగి వచ్చింది. ఎప్పుడో ఒక మంగళవారం నాటి ఎస్తేరమ్మ, ఈ ఆదివారం నాటి ఎస్తేరమ్మ సరిగ్గా ఒకే చోట కలిశారు. బ్లెసన్‌కు ఇక ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. మిగిలిన మిక్సంతా వాళ్ళు విన్నారు. పాట ఎప్పుడొస్తుందని మళ్ళీ ఎవరూ అడగలేదు.

అది అయిపోయాక జ్ఞానదాసుగారు సాక్ష్యం కూడా అయిపోయినట్టేనని ప్రకటించి, ముగింపు ప్రార్థన చేశారు. బగారన్నం అడుగున కొద్దిగా మాడింది. యేసురత్నం వడ్డిస్తూ అందరికీ క్షమాపణ చెప్పాడు, అందరూ మాడినదే రుచిగా ఉందన్నారు.

శోభ ప్లేటు పట్టుకుని ఎస్తేరమ్మ పక్కన వచ్చి కూర్చుంది. కాసేపు అన్నం కలిపింది, తినలేదు. "అక్కా, నేను అట్ల అనేదుండె గాదు," అంది. తర్వాత, అది చెప్పడం కంటే ఇది అడగడం తేలికన్నట్టు, "ప్రతిసారి గంత సరిగ్గ ఎనుక ఎట్ల పడుతది నీది?" అంది.

ఎస్తేరమ్మ ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళలో అది ఎవరూ అడగలేదు.

"మీరందరు కొట్టింది వినాలె గద," అంది. "విన్నంక కొడుత. లేకుంటే కలిసినమని ఎట్ల తెలుస్తది?"

కూర గిన్నెతో అటు వచ్చిన బ్లెసన్ ఆ మాట విని అక్కడే నిలబడిపోయాడు. ఆ ఇంట్లో ఒకరికొకరు థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు. చెప్పాలంటే సంఘాన్ని పిలవాలి, షామియానా వెయ్యాలి, బగారన్నం వండాలి. అవన్నీ ఎలాగూ అయ్యాయి కాబట్టి, అతను వంగి అమ్మ ప్లేటులో కూర వేస్తూ చెప్పాడు.

"థాంక్స్ అమ్మా."

ఎస్తేరమ్మ వెంటనే ఏమీ అనలేదు. అతను పక్క కుర్చీలో జంగయ్యకు వడ్డించి, ఆ పక్కాయన దగ్గరికి పోబోతుంటే, వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మంచిదిరా."